ముగింపు తెలిసిన కథలో సస్పెన్స్

ఎచ్చెర్ల: హంతకుడెవరో చివరి రీలు దాకా దాచిపెడితే చాలు, సస్పెన్స్ చిత్రం తయారైపోతుందని కొత్తగా కథలు రాసేవారిలో చాలామంది నమ్మకం. ఆ నమ్మకం ఎంత తప్పో చెప్పే కథ ఒకటి ఈ మండలం ఒడ్డునే పుట్టింది. అందులో హంతకుడు లేడు. దాచవలసిన గుట్టూ లేదు. చివరికి ఏమైందో ఐదేళ్ళ ముందే పత్రికల్లో వచ్చేసింది. అయినా సినిమాగా వస్తే జనం టిక్కెట్టు కొని రెండున్నర గంటలు కూర్చుని చూశారు.

2018 నవంబరు చివరి వారంలో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్ సముద్ర గస్తీ దళానికి పట్టుబడ్డారు. ఎచ్చెర్ల తీర గ్రామాల వారూ వారిలో ఉన్నారు. ఇక్కడి ఒడ్డున హార్బరు లేకపోవడంతో ఏటా నెలల తరబడి వెరావల్‌కు వలసపోయి, పరాయి బోట్ల మీద కూలికి వేట చేయడం ఈ పల్లెలకు కొత్త కాదు. పట్టుబడిన వారిని కరాచీ జైలులో ఉంచారు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా వద్ద మళ్ళీ మన గడ్డ మీద కాలుపెట్టారు. పదమూడు నెలలు దాటిన నిరీక్షణ అది. ఆ సంఘటన ఆధారంగా కార్తీక్ తీడా కథ అందించగా చందూ మొండేటి దర్శకత్వంలో వచ్చిన చిత్రమే ‘తండేల్’. 2025 ఫిబ్రవరి 7న విడుదలైంది. బోటు మీద వేటగాళ్ళకు పెద్దగా ఉండేవాణ్ణి తండేలు అంటారు.

పట్టుబడినవారు తిరిగి వచ్చారని తెలిసి కూడా ప్రేక్షకుడు ఎందుకు ఊపిరి బిగబట్టాలి? థ్రిల్లర్ రాయదలచిన వారు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే.

పొడుపు కథ వేరు, ఎదురుచూపు వేరు

మిస్టరీ, సస్పెన్స్ అనే రెండు మాటల్నీ మనవాళ్ళు ఒకే అర్థంలో వాడేస్తుంటారు. నిజానికి మిస్టరీ పొడుపు కథ వంటిది. జరగవలసింది జరిగిపోయింది, విప్పి చెప్పడమే మిగిలింది. ప్రేక్షకుడికి కథలోని మనుషుల కంటే తక్కువ తెలుసు. సస్పెన్స్‌లో జరగవలసింది ఇంకా ముందుంది, ప్రేక్షకుడికి కథలోని మనుషుల కంటే ఎక్కువ తెలుసు. ఇక ఇంగ్లీషులో ఇంట్రీగ్ అనేది మన గూడుపుఠాణీయే. ఒకడికి తెలిసిన సంగతి పక్కవాడికి తెలియకపోవడం, ఆ తేడాతో ఎవడో లాభపడటం.

ఈ విద్య మనకు హాలీవుడ్ నుంచి దిగుమతి కానక్కరలేదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో హరికథకు, తప్పెటగుళ్ళకు రాత్రుళ్ళు మేలుకున్న జనానికి ఏ కథ ముగింపు తెలియదు గనుక? సీత చెర వీడుతుందని ఎరగని శ్రోత ఒక్కడూ ఉండడు. అయినా అశోకవనం ఘట్టం వచ్చేసరికి కునికేవాడు కూడా లేచి కూర్చుంటాడు.

సుందరకాండలోని ఆ ఘట్టాన్ని స్క్రీన్‌ప్లే కన్నుతో ఒకసారి చూడవచ్చు. రావణుడు వచ్చి రెండు నెలల గడువు పెట్టి వెళతాడు. అంటే గడియారం తిరగడం మొదలైంది. రాక్షస స్త్రీలు చుట్టూ చేరి బెదిరిస్తుంటారు. సీత విసిగి, తన జడతోనే ఉరిపోసుకోవాలన్నంత దాకా వస్తుంది. అదే చెట్టు మీద, ఆకుల చాటున హనుమంతుడు ఉన్నాడు. ఆ సంగతి శ్రోతకు తెలుసు, సీతకు తెలియదు. పైగా హనుమంతుడికి ఒక చిక్కు. పండితుల సంస్కృతం మాట్లాడితే, రావణుడే వేషం మార్చుకుని వచ్చాడని ఆమె హడలిపోవచ్చు. ఆమె కేక వేస్తే రాక్షసులు మేలుకుంటారు. మాట్లాడకపోతే ఆమె ప్రాణం దక్కదు. ఏ భాషలో నోరు తెరవాలన్న చిన్న విషయం మీద మొత్తం కథ వేలాడుతుంది. కత్తి లేదు, తుపాకి లేదు. కొమ్మ మీద ఒకరు, కొమ్మ కింద ఒకరు. ముగింపు తెలిసినంత మాత్రాన అక్కడ బిగువు ఏమైనా తగ్గిందా?

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోతో జరిపిన సంభాషణల్లో బల్ల కింద బాంబు ఉదాహరణ చెప్పి ప్రపంచమంతటా పేరు పొందాడు. హఠాత్తుగా పేలితే ప్రేక్షకుడు ఉలిక్కిపడేది కొద్ది సెకన్లు. బాంబు ఉందని ముందే చూపించి, బల్ల దగ్గరున్న వాళ్ళు పిచ్చాపాటీ మాట్లాడుకుంటుంటే చాలా నిమిషాలు అల్లాడిపోతాడు. హరిదాసులు ఆ పని అంతకు ముందే చిడతలతో చేసి చూపించారు.

ప్రశ్నను జరిపారు

‘తండేల్’ రాసినవారి ఎదుట ఇబ్బంది స్పష్టం. వస్తారా, రారా అన్న ప్రశ్నకు 2020లోనే జవాబు వచ్చేసింది. అందుకని వారు ప్రశ్నను పక్కకు జరిపారు. వెళ్ళవద్దన్న సత్య మాట కాదని రాజు వేటకు పోతాడు. ఆమె వేరే సంబంధానికి ఒప్పుకుంటుంది. ఇప్పుడు ప్రేక్షకుడి ప్రశ్న మారింది. రావడం సరే, వచ్చేసరికి ఆమె ఎవరిది? దీనికి ఏ పత్రికలోనూ జవాబు లేదు.

రెండో సాయం చరిత్రే చేసింది. 2019 ఫిబ్రవరి 14న పుల్వామా దాడి, ఆ నెలలోనే బాలాకోట్, ఆగస్టు 5న 370వ అధికరణం వ్యవహారం. చెరలో ఉన్నవారి మీద ఆశ పెట్టుకున్న ఇళ్ళకు ఇవన్నీ ఎలాంటి వార్తలో చెప్పనక్కరలేదు. కల్పించి రాస్తే అతిగా ఉందని కొట్టిపారేసే మలుపులివి. ఒడ్డున ఉన్నవారికి తెలిసేది ఒకటి, గోడల నడుమ ఉన్నవారికి తెలిసేది మరొకటి. రెండుచోట్లా జరిగేది తెలిసినవాడు ప్రేక్షకుడొక్కడే. ఆ తేడాను ఎక్కడ పెంచాలి, ఎక్కడ తుంచాలి అన్నదే స్క్రీన్‌ప్లే.

అయితే ఆ చిత్రంలో జైలు ఘట్టాలు మొదలయ్యాక ఉత్కంఠ కంటే నినాదం పాలు ఎక్కువైందనక తప్పదు. కథానాయకుడు పదిమందినీ చిత్తు చేయగలడని చూపించాక అతనికేమవుతుందోనన్న బెంగ ప్రేక్షకుడికి మిగలదు. భయపడే మనిషి కోసమే ఎవరైనా భయపడతారు. ఒడ్డున ఆడవాళ్ళు కబురు కోసం చూసే చోట ఉన్న పట్టు, గోడల లోపలి కొట్లాటల్లో లేదు.

ఇదే దర్శకుడు 2014లో తన తొలి చిత్రం ‘కార్తికేయ’లో రెండో దారి పట్టాడు. అది పొడుపు కథ. మూతపడ్డ గుడి గురించి ఆరా తీసినవారు పాముకాటుకు పోతుంటారు. శాపమా, మనిషి పనా? వంశీ ‘అన్వేషణ’ (1985)లో అడవిలో చంపుతున్నది పులా, మనిషా? ‘క్షణం’ (2016)లో తప్పిపోయిందంటున్న పాప అసలు ఉందా, లేదా? మూడింటిలోనూ కిటుకు ఒకటే. రెండు జవాబులూ సరిసమానంగా బతికి ఉన్నంతసేపే మిస్టరీ. ఒకటి చచ్చిన క్షణాన ప్రేక్షకుడు వాచీ చూసుకుంటాడు.

అందుచేత మిస్టరీ రాసేవారు చివరి నుంచి వెనక్కి నడవాలి. ముందు నేరం జరిగిన తీరు తేదీలతో సహా రాసుకోవాలి. తర్వాతే దాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క ఎవరి చేతికి ఎప్పుడు చిక్కాలో చూసుకోవాలి. ఒక కాగితం మీద మూడు గళ్ళు గీసి, ఒకదానిలో నిజంగా జరిగింది, ఒకదానిలో కథానాయకుడికి తెలిసింది, మరొకదానిలో ప్రేక్షకుడికి తెలిసింది సీను వారీగా రాసుకుంటే సగం తప్పులు అక్కడే దొరుకుతాయి. మూడు గళ్ళూ ఒకేలా ఉన్న సీనులో బిగువు ఉండదు. అసలు ఆనవాలును కళ్ళెదుటే, వేరే పనిలో భాగంగా చూపించాలి. చివర్లో ఎవరూ ఎరగని కవల సోదరుణ్ణి దింపడం ప్రేక్షకుణ్ణి మోసగించడమే.

ఆనవాలు దాచే పద్ధతికి పాఠం పక్క మండలంలోనే ఉంది. లావేరు మండలం మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు మాస్టారి ‘యజ్ఞం’ 1964లో అచ్చయింది. అది డిటెక్టివ్ కథ కాదు, అప్పు మీద పంచాయితీ. పేజీల తరబడి లెక్కలు, వాదనలు, పెద్దల మాటలు. తీర్పు తేలిపోయి కథ అయిపోయిందనుకున్న చోట సీతారాముడు చేసే పని చదువరి గుండె ఆపేస్తుంది. వెనక్కి వెళ్ళి చదివితే దానికి కావలసినదంతా ఆ లెక్కల మధ్యనే కనిపిస్తుంది. విసుగ్గా దాటేసిన పేజీల్లోనే మందుగుండు కూరి ఉందన్నమాట. చదవని వారి కోసం ఆ పనేమిటో ఇక్కడ చెప్పడం భావ్యం కాదు.

జరిగిన కథను తీసుకునేవారికి మరో చిక్కు ఉంది. ‘అన్వేషణ’లో శవాలు ఎవరి బంధువులూ కావు. ‘తండేల్’ ఆడిన హాళ్ళలో, తెర మీది ఎదురుచూపును స్వయంగా పడ్డవాళ్ళు కూర్చుని ఉండవచ్చు. బిగువు కోసం లేని దెబ్బ కలిపితే వారికి తెలుస్తుంది, ఉన్న దెబ్బ తీసేసినా తెలుస్తుంది. పదమూడు నెలల్లో తెరకు ఎక్కనివి చాలా ఉంటాయి. సంపాదించే మనిషి లేని ఇంట్లో కిరాణా బాకీ, పిల్లల చదువు, చేబదులు ఇచ్చినవాడు గడప ఎక్కే రోజు. అక్కడ కూడా గడువు ఉంది, ఒకరికి తెలిసి మరొకరికి తెలియనిది ఉంది. సరిహద్దు దాటకుండా, బడివానిపేట, బుడగట్లపాలెం వంటి ఊళ్ళలోనే కెమెరా పెట్టి తీయదగిన కథ అది.