ఎనిమిదిన్నర అడుగుల లక్ష్మణరేఖ

భర్తకో భార్యకో పాత తెరచాప పడవలు కొని బాగుచేసే సరదా పట్టుకుందంటే, ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ‘ఎంతకిస్తారట?’ అని. అమెరికాలో దానికి వచ్చే జవాబు ఊరిస్తుంది. నలభై, యాభై ఏళ్ల నాటి చిన్న పడవ రెండు మూడు వేల డాలర్లకే దొరకడం అక్కడ మామూలే. నన్నడిగితే ముందు వెడల్పు అడగాలి.

కాటలీనా 22నే తీసుకోండి. ఫ్రాంక్ బట్లర్ కంపెనీ 1969లో మొదలుపెట్టిన ఈ మోడల్ పడవలు 15,000కు పైగా తయారయ్యాయి. పొడవు 21.5 అడుగులు, బరువు సుమారు 1,000 కిలోలు, వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలు. అక్కడి పెద్ద రోడ్ల మీద ప్రత్యేక అనుమతి లేకుండా లాక్కెళ్లగల వెడల్పు 8.5 అడుగులు. కనుక ఇది ట్రైలరెక్కి ఇంటికొచ్చేస్తుంది. అడుగున ఉండే 250 కిలోల ఇనుప కీల్ కూడా, లోపల కూర్చుని వించ్ తిప్పితే పైకి మడుచుకుంటుంది. ఐదడుగుల లోతు కావలసిన పడవకు అప్పుడు రెండడుగులు చాలు. ఇంటి ముందు పెట్టుకుంటే అద్దె లేదు, కాలనీ సంఘం ఒప్పుకుంటే. చాలాచోట్ల ఒప్పుకోదు.

అసలు కంటే కొసరు ఎక్కువని తెలిసేది తర్వాతే. రెండు తెరచాపలూ కొత్తవి కుట్టిస్తే పడవ కొన్న ధర దాటిపోవచ్చు. ఇక డెక్ సంగతి. మోకాళ్ల మీద కూర్చుని స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం తట్టి చూడాలి. బాగున్నచోట ‘టక్’మంటుంది, కుళ్లినచోట మెత్తగా ‘దబ్’మంటుంది. రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. బోల్టుల చుట్టూ సీలెంట్ ఎండిపోతే వాననీరు ఏళ్ల తరబడి అందులోకి దిగుతుంది. పైపొర కోసి, నల్లబడ్డ చెక్క గీకేసి, ఆరనిచ్చి, కొత్త ప్లైవుడ్‌ని ఎపాక్సీతో అతికించి, మీద గ్లాస్ గుడ్డ పరచి, సాండ్‌పేపర్ పట్టాలి. వెస్ట్ సిస్టమ్ వారి 105 రెజిన్ 5 పాళ్లకు 205 హార్డెనర్ 1 పాలు కలుపుతారు. త్వరగా ఆరుతుందని హార్డెనర్ కాస్త ఎక్కువ పోశారో, అది సరిగ్గా గట్టిపడదు. 22 డిగ్రీల వేడిలో కప్పులోని మిశ్రమం పనికొచ్చేది 9 నుంచి 12 నిమిషాలే. ఆ వేళప్పుడు భోజనానికి పిలిస్తే పలకకపోవడం మొండితనమనుకోకండి.

ఇంతవరకూ సరదాయే. పడవ నీళ్లలో దిగిన మరుసటి ఏడాది ఇంకొంచెం పెద్దది కావాలనిపిస్తుంది. కన్ను పడేది కాటలీనా 30 లాంటి దాని మీద. పొడవు నలభై శాతమే ఎక్కువ. బరువు మాత్రం సుమారు 4,600 కిలోలు, అంటే నాలుగున్నర రెట్లు. దాని సీసపు కీల్ ఒక్కటే 1,900 కిలోలు, చిన్న పడవ మొత్తం బరువుకు దాదాపు రెట్టింపు.

ఇంత బరువు పెరిగితే వేగం ఎంత పెరుగుతుంది? నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఇలాంటి పడవ వేగానికి హద్దు నాట్లలో వస్తుంది. చిన్నదానికి 19.3 అడుగులు, 5.9 నాట్లు. పెద్దదానికి 25 అడుగులు, 6.7 నాట్లు. తేడా గంటకు కిలోమీటరున్నర! లోపల ఆరడుగుల మనిషి నిలబడగలడు, తలుపున్న టాయిలెట్ ఉంటుంది. అవి చిన్న సుఖాలేమీ కావు.

కానీ దాని వెడల్పు 10 అడుగుల 10 అంగుళాలు. ఇంటికి తెచ్చుకునే దారి మూసుకుపోయినట్టే. మరీనాలో అడుగుకు నెలకు 15 డాలర్లనుకున్నా, 30 అడుగులకు ఏడాదికి 5,400. ఎప్పుడూ నీళ్లలో ఉండే పడవ కనుక అడుగున నాచు, గవ్వపురుగులు పట్టకుండా రాగి కలిపిన పెయింట్ వేయించాలి. అందుకు క్రేన్‌తో పైకి లేపించాలి. ఆ లెక్కా అడుగుల్లోనే.

‘ఊరికే ఇస్తున్నార’న్న పడవతో మరీ జాగ్రత్త. ఫైబర్‌గ్లాస్ కుళ్లదు, కరగదు. ముక్కలు కోయించి చెత్తకు పంపడానికే డబ్బవుతుంది కనుక, అమ్ముడుపోని పడవను ఉచితంగా వదిలించుకుంటే యజమానికి లాభమే. దాంతోపాటు మంచి టైర్లున్న ట్రైలర్ వస్తుంటే మాత్రం వెళ్లి చూడొచ్చు. పడవ పనికిరాకపోయినా ట్రైలర్ అమ్ముడవుతుంది. చాలా రాష్ట్రాల్లో ఈ రెండింటికీ కాగితాలు వేర్వేరు. రెండూ ఇచ్చేవారి పేరనే ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.