అమ్మకూ ఒక పెసరట్టు

నల్లకుంటలో తెల్లవారింది. పిల్లలకు బడి టైం అయింది. ఇంటాయన పనికి బయలుదేరాడు. అమ్మ అందరికీ పెట్టింది. తను చాయ్ తాగి ఊరుకుంది. "నాకు ఆకలి లేదు" అంది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2019–21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువగా ఉందని తేలింది. రక్తం తక్కువైతే నీరసం వస్తుంది. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది.

నల్లకుంటకు దగ్గరలోనే తార్నాక ఉంది. అక్కడ జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1918లో కూనూరులో మొదలైంది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఏ తిండిలో ఎంత బలం ఉందో అక్కడ కొలిచి చెబుతారు. 100 గ్రాముల పెసలలో 22 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. బియ్యంలో 8 గ్రాములే. పెసలలో ఇనుము కూడా ఉంటుంది.

పెసరట్టుకు పిండి పులియనక్కర లేదు. అందుకే తొందరగా అవుతుంది.

కావలసినవి: పెసలు 2 గ్లాసులు, బియ్యం గుప్పెడు, పచ్చిమిరపకాయలు 3, అల్లం చిన్న ముక్క, జీలకర్ర, ఉప్పు, ఉల్లిపాయలు, నూనె.

రాత్రి పెసలు, బియ్యం కలిపి నానబెట్టాలి. పొద్దున కడిగి, మిర్చి, అల్లం, జీలకర్ర, ఉప్పు వేసి రుబ్బాలి. పిండి గరిట జారుగా ఉండాలి. పెనం వేడెక్కాక సగం ఉల్లిపాయతో రుద్దాలి. పిండి వేసేటప్పుడు మంట తగ్గించాలి. పెనం మరీ కాలితే పిండి ముద్ద కడుతుంది, పరుచుకోదు. పైన ఉల్లి ముక్కలు చల్లాలి. చుట్టూ నూనె వేయాలి. అంచులు లేచాక తిరగేయాలి.

చట్నీకి గుప్పెడు పల్లీలు, 3 ఎండుమిరపకాయలు వేయించాలి. వెల్లుల్లి, ఉప్పు, నీళ్లు కలిపి రుబ్బాలి. చివర నిమ్మకాయ పిండాలి. నిమ్మరసం వల్ల పెసలలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. చాయ్ దాన్ని అడ్డుకుంటుంది. అందుకే చాయ్ గంట తర్వాత తాగాలి.

అట్టు ఒక్కటే మందు కాదు. రక్తం తక్కువగా ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవాలి. డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలు వాడాలి.

చివరికి ఒక లెక్క. పెసలు నానబోసేటప్పుడే ఇంట్లో ఎంతమందో లెక్కపెట్టండి. నలుగురా? ఐదుగురా? మళ్లీ లెక్కపెట్టండి. అమ్మను కలిపారా?