మిన్నెసోటాకి చలికాలం రాని ఏడాది

డిసెంబరు ఆఖరి వారం. సుపీరియర్ సరస్సు ఉత్తరపు ఒడ్డున మేం అద్దెకు తీసుకున్న క్యాబిన్ వెనకాల, తడిసిన ఎండుటాకుల మీద, తెల్లటి కుందేలు ఒకటి కూర్చుని ఉంది. కిటికీలోంచి నాకూ, నా మనవరాలికీ, బహుశా ఆ చుట్టుపక్కల తిరిగే ప్రతి గద్దకీ అది స్పష్టంగా కనబడుతోంది. తను కనబడుతున్నానన్న సంగతి మాత్రం దానికి తెలియదు. చుట్టూ మోకాలి లోతు మంచు ఉన్నట్టే నిమ్మళంగా ఉంది.

“తాతయ్యా, అది ఎందుకు దాక్కోవట్లేదు?” అంది పిల్ల.

నంద్యాలలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. కూతురి దగ్గరికి మిన్నియాపొలిస్ వచ్చాక పాఠం చెప్పే అవకాశం దొరికితే వదులుతానా? దీన్ని స్నోషూ కుందేలు అంటారు. ఎండాకాలం గోధుమరంగు, చలికాలం తెలుపు. చలి తగిలి దాని రంగు మారదు. శరత్కాలంలో పగలు కురచ అవుతున్న కొద్దీ కంటి నుంచి మెదడుకు కబురు వెళ్తుంది, మెలటోనిన్ అనే హార్మోను లెక్క మారుతుంది, గోధుమ బొచ్చు రాలి తెల్ల బొచ్చు వస్తుంది. వేల ఏళ్లుగా పొద్దు తగ్గడం, మంచు పడటం ఒకదాని వెంట ఒకటి జరిగేవి కాబట్టి ఆ ఏర్పాటు చక్కగా పనిచేసింది. పొద్దు ఇప్పటికీ తు.చ. తప్పకుండా పంచాంగం ప్రకారమే నడుస్తోంది. మాట తప్పుతున్నది మంచు.

మోంటానాలో స్కాట్ మిల్స్, మార్కెటా జిమోవా బృందం కుందేళ్ల మెడకు రేడియో కాలర్లు కట్టి ఏళ్ల తరబడి వెంటపడింది. రంగు, నేల కలవని వారాల్లో వాటి బతికే అవకాశం గరిష్ఠంగా 7 శాతం మేర తగ్గిపోతోందని 2016లో తేల్చారు. వారానికి ఏడంటే తక్కువ కాదు. తెల్లబడ్డ కుందేలు తన తెలుపును గుర్తించి చోటు మార్చుకోవడమో, ముందే పరుగు తీయడమో పెద్దగా చేయదని కూడా వాళ్లే చూశారు. అలాగని కథ ఇక్కడితో అయిపోలేదు. పసిఫిక్ తీరం వైపు కొన్ని స్నోషూ కుందేళ్లు చలికాలంలోనూ గోధుమరంగులోనే ఉంటాయి. ఆ రంగు జన్యువు ఎప్పుడో జాక్ ర్యాబిట్ అనే వేరే జాతితో సంకరం వల్ల వచ్చిందని 2018లో బయటపడింది. నేను ఉద్యోగంలో ఉండగా ఇది తెలిసి ఉంటే పరిణామం పాఠంలో జిరాఫీ మెడను పక్కన పెట్టి దీన్నే చెప్పేవాణ్ణి.

నేను చెబుతున్నది 2023-24 చలికాలం సంగతి. అలాస్కా, హవాయి మినహా అమెరికా మొత్తానికి 130 ఏళ్ల రికార్డుల్లో అంత వెచ్చని చలికాలం లేదు. ఇరవయ్యో శతాబ్దపు సగటు కన్నా 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ. మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్‌తో కలిపి ఎనిమిది రాష్ట్రాలకు అదే రికార్డు. నంద్యాలలో మూడు డిగ్రీల తేడాను ఎవరూ లెక్కచేయరు. సున్నా దగ్గర అదే మూడు డిగ్రీలు మంచును వాన చేస్తాయి. క్రిస్మస్ రోజున మిన్నియాపొలిస్‌లో వాన కురిసింది. పిల్లల స్లెడ్డు గ్యారేజీలో కొక్కానికి వేలాడుతూనే ఉంది, మా అమ్మాయి పకోడీలు వేసింది.

డిసెంబరు 29న అప్పర్ రెడ్ లేక్ అనే సరస్సు మీద చేపలు పడుతున్న వంద మందికి పైగా జనం, ఐసు పలక విరిగి కొట్టుకుపోతుంటే, పడవల మీద ఒడ్డుకు చేరారు. డులూత్ నుంచి గ్రాండ్ పోర్టేజ్ దాకా జరిగే జాన్ బేర్‌గ్రీజ్ కుక్కబండ్ల పందెం మంచు లేక రద్దయింది. జాన్ బేర్‌గ్రీజ్ పందాలు కాసినవాడు కాదు, పందొమ్మిదో శతాబ్దంలో ఆ ఒడ్డు వెంట కుక్కబండి మీద ఉత్తరాలు మోసిన ఒజిబ్వే మనిషి. పక్కన విస్కాన్సిన్‌లో బిర్కెబైనర్ అని 50 కిలోమీటర్ల స్కీయింగ్ పందెం ఉంది. ఆ ఏడు యంత్రాలతో మంచు తయారు చేసి, 10 కిలోమీటర్ల చుట్టు వేసి, దాని మీదే తిప్పారు.

మా పక్కింటి పెద్దాయనకు ఐసు మీద చేపలు పట్టడమే చలికాలం. సరస్సు మీద చిన్న గది పెట్టుకుని, ఐసుకు బొక్క చేసి, గాలం వేసి కూర్చుంటాడు. ఆ ఏడాది ఆ గది ఆయన పెరట్లోంచి కదల్లేదు. కంచె దగ్గర నిలబడి ఆయన తన వాదన వినిపించాడు. వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంటుంది, 1878లో కార్లు ఉన్నాయా, విమానాలు ఉన్నాయా అన్నాడు.

ఆయన ఊరికే అనలేదు. 1877-78ని ఈ ప్రాంతంలో చలికాలం లేని ఏడాదిగా చెప్పుకుంటారు. మిన్నెటొంకా అనే పెద్ద సరస్సు మా ఇంటికి దగ్గరే. దాని ఐసు ఎప్పుడు కరిగిందో 1855 నుంచి రాసి పెట్టారు. మామూలుగా ఏప్రిల్ మధ్యలో కరిగేది 1878లో మార్చి 11కే కరిగిపోయింది. ఇప్పటికీ అదే రికార్డు. 2024లో మార్చి 13న కరిగింది. నూట నలభై ఆరేళ్ల కిందటి రికార్డును రెండు రోజుల తేడాతో అందుకోలేకపోయింది.

1878 అని వినగానే నాకు మా అవ్వ గుర్తొచ్చింది. అన్నం మీద ఆత్రపడితే “ధాత కరువులోంచి లేచొచ్చినావేమిరా” అనేది. ధాత నామ సంవత్సరం అంటే 1876-77. వానలు ఎగ్గొట్టి, రాయలసీమతో పాటు మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చిపోయిన కరువు అది. ఆ కరువు మరుసటి ఏడు కూడా కొనసాగడం వెనకా, మిన్నెసోటాలో చలికాలం లేకుండా పోవడం వెనకా ఉన్నది ఒకటే: పసిఫిక్ మహాసముద్రపు నీళ్లు వేడెక్కి 1877లో పుట్టిన భయంకరమైన ఎల్ నినో. మా అవ్వ వాళ్ల పెద్దలు గంజి కేంద్రాల దగ్గర నిలబడిన కాలంలోనే ఇక్కడి వాళ్లు జనవరిలో చొక్కాలు వేసుకు తిరిగారు.

2023-24లోనూ బలమైన ఎల్ నినో ఉంది. అంటే పెద్దాయన చెప్పినదాంట్లో సగం నిజం. రెండో సగం ఏమిటంటే, 1878 ఒంటరి. దాని ముందూ వెనకా చలికాలాలు గట్టివే. ఇప్పుడు అలాంటివి వెంటవెంటనే వస్తున్నాయి. 2012లో ఒకటి వచ్చింది, 2016లో ఒకటి వచ్చింది. మిన్నెసోటా సరస్సుల మీద ఐసు ఉండే కాలం గత యాభై ఏళ్లలో 10 నుంచి 14 రోజులు తగ్గిందని రాష్ట్ర ప్రభుత్వ రికార్డులు చెబుతున్నాయి. మా మనవరాలు ఎప్పటినుంచో అటక మీది బెల్లం డబ్బా కోసం ఎగురుతూనే ఉంది. ఎప్పుడో ఒకసారి అందుతుంది. కాళ్ల కింద పీట వేస్తే ఎగిరిన ప్రతిసారీ అందుతుంది. ఎల్ నినో ఆ ఎగరడం. బొగ్గు, చమురు కాల్చి మనం వేసింది పీట.

ఈ మాట పెద్దాయనతో అన్నాను. నవ్వాడు గానీ ఒప్పుకోలేదు.

మా ఇంట్లో మాత్రం ఏకాభిప్రాయం ఉందా? సంక్రాంతికి మేపుల్ గ్రోవ్ గుడికి వెళ్లిన రోజుల్లో సరిగ్గా చలి విరుచుకుపడింది. “చూడు మామా, ముక్కు ఊడిపోతాంది. ఇదేనా గ్లోబల్ వార్మింగు?” అన్నాడు అల్లుడు కారు దిగుతూ. నెలాఖరు రోజున అదే ఊళ్లో 12 డిగ్రీలు దాటి, పిల్లలు నిక్కర్లతో ఆడుకున్నారు. అప్పుడు అతను ఏమీ అనలేదు. అంతకు ముందటి ఏడాదేమో మిన్నియాపొలిస్ ప్రాంతంలో 90 అంగుళాల మంచు పడింది, రికార్డుల్లో మూడో స్థానం. ఆ మంచు తవ్విన భుజాలు అతనివి. అతనికి వాతావరణం అంటే భుజం నొప్పి. యేల్ యూనివర్సిటీ వాళ్లు అమెరికన్లను గ్లోబల్ వార్మింగు విషయంలో ఆరు రకాలుగా విడదీశారు. ఒక కొసన బాగా కంగారుపడేవాళ్లు, ఇంకో కొసన అంతా బూటకమని కొట్టిపారేసేవాళ్లు, మధ్యలో మిగతా నాలుగు రకాలు. భూమి వేడెక్కుతోందని ఇంచుమించు పదిమందిలో ఏడుగురు ఒప్పుకుంటారు. కారణం మనిషేనా అంటే ఆ సంఖ్య తగ్గుతుంది. నా లెక్కలో ఒక్క చలికాలం ఎవరి తరఫునా సాక్ష్యం కాదు, వెచ్చనిదైనా, గడ్డకట్టేదైనా. సరస్సు ఐసు కరిగిన తారీఖులు రాసి పెట్టిన పుస్తకం సాక్ష్యం. దానికి ఓటు లేదు.

జంతువుల విషయానికి వస్తే, వెచ్చదనం అన్నిటికీ ఒకే రకంగా పనిచేయదు. మూస్ అని ఇక్కడ ఒక జంతువు ఉంది. జింక జాతే, కానీ గుర్రం కన్నా ఎత్తు. దానికి చలి ఒక ఇబ్బందే కాదు. దాన్ని చంపేవి చలికాలపు పిడుదులు. శరత్కాలంలో పిడుదు పిల్లలు గుంపులుగా పొదల కొసలకు ఎక్కి, మూస్ రాసుకుంటూ పోగానే దాన్ని పట్టుకుంటాయి. చలికాలమంతా దాని నెత్తురు తాగి, వసంతంలో గుడ్లు పెట్టడానికి నేల మీద రాలతాయి. శరత్కాలపు మంచు ఆలస్యమైతే వాటికి ఎక్కడానికి ఎక్కువ రోజులు దొరుకుతాయి. రాలినప్పుడు కింద మంచు ఉంటే చస్తాయి, లేకపోతే బతుకుతాయి. తూర్పున మెయిన్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లో ఒక్కో దూడ మీద సగటున నలభై వేలకు పైగా పిడుదులు లెక్కపెట్టారు. చెట్లకు రాసుకుని రాసుకుని, బొచ్చంతా పోయి బూడిదరంగుకు తిరిగిన మూస్‌లను అక్కడ దయ్యపు మూస్‌లంటారు.

మిన్నెసోటాలో దీనికి తోడు తెల్లతోక జింకల బెడద ఉంది. వెచ్చని చలికాలం జింకలకు పండగ. అవి ఉత్తరానికి ఎగబాకుతూ తమతో ఒక మెదడు పురుగును మోసుకొస్తాయి. జింకకు దానివల్ల ఏమీ కాదు. ఆకుల మీది నత్తల ద్వారా మూస్ కడుపులోకి వెళ్తే మాత్రం ఆ మూస్ తిక్కదై గుండ్రంగా తిరిగి తిరిగి చస్తుంది. 2006లో ఈ రాష్ట్రంలో మూస్‌లు సుమారు 8,800. పదేళ్లుగా మూడు వేలకూ అయిదు వేలకూ మధ్యే ఊగుతున్నాయి.

వేటగాళ్లకు వేరే లెక్క ఉంది. 2023 శరత్కాలంలో జింకలు తక్కువ దొరికాయి. ముందటి ఏటి భారీ మంచుకు జింక పిల్లలు చచ్చాయని అధికారులంటే, తోడేళ్లు తినేశాయని వేటగాళ్లన్నారు. రాష్ట్రంలో సుమారు 2,900 తోడేళ్లున్నాయి, కేంద్ర చట్టం వల్ల వాటిని చంపకూడదు. తోడేలు కనబడుతుంది, కాలర్ కట్టిన ఫోటో ఉంటుంది, తిట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. అర డిగ్రీని ఎవరు తిడతారు?

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన తగాదా ఐల్ రాయల్ అనే దీవిది. సుపీరియర్ సరస్సులో 72 కిలోమీటర్ల పొడవున ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మూస్‌లు, 1940ల చివర్లో ఐసు మీద నడిచి తోడేళ్లు అక్కడికి చేరాయి. 1958 నుంచి శాస్త్రజ్ఞులు ఆ రెండింటినీ లెక్కపెడుతూనే ఉన్నారు. ప్రపంచంలో వేటాడే జంతువు, దాని ఆహారం మీద ఇంత కాలం సాగిన అధ్యయనం ఇంకోటి లేదు. మొదట్లో ఒడ్డుకూ దీవికీ మధ్య ఐసు వంతెన తరచూ ఏర్పడేది. తర్వాత అరుదైపోయింది. కొత్త రక్తం రాక, లోపలి లోపలే సంతానం కలిగి, తోడేళ్లకు వెన్నుపూసలు వంకరపోయాయి. 1997లో ఒక్క మగ తోడేలు ఐసు దాటి వచ్చి కొన్నాళ్లు వంశాన్ని నిలబెట్టింది. 2016 నాటికి మిగిలినవి రెండే, తండ్రీ కూతురూ. మూస్‌లేమో పెరిగి పెరిగి 2019లో రెండు వేలు దాటి అడవిని మేసేశాయి.

బయటి నుంచి తోడేళ్లను తెచ్చి వదలాలా, వద్దా? దీవిలో 99 శాతం నేల చట్టం ప్రకారం మనిషి చెయ్యి పెట్టకూడని అడవి. వదిలేయండి, ప్రకృతి చూసుకుంటుంది అన్నది ఒక పక్షం. వంతెన తెగడంలో మన పాపం ఉంది, కాబట్టి చెయ్యి పెట్టాల్సిందే అన్నది రెండో పక్షం. నేషనల్ పార్క్ సర్వీస్ రెండో మాట విని, 2018-19లో 19 తోడేళ్లను హెలికాప్టర్లలో, విమానాల్లో తీసుకెళ్లింది. గమ్మత్తేమిటంటే 2019 జనవరిలో చలి బిగిసి ఐసు వంతెన ఏర్పడగానే, మిన్నెసోటా నుంచి తెచ్చిన ఒక ఆడ తోడేలు నడుచుకుంటూ వెనక్కి వెళ్లిపోయింది! మిగిలినవి నిలదొక్కుకుని 2023 నాటికి ముప్పై ఒకటికి చేరాయి. మూస్‌లు వెయ్యి లోపుకు దిగాయి. 2024 చలికాలంలో విమానం దిగడానికి ఐసు గట్టిగా లేక, ఆ ఏటి లెక్కింపును మధ్యలోనే ఆపేశారు.

ఈ దీవి సంగతి మా డైనింగ్ టేబుల్ దగ్గర ఎత్తితే పక్షాలు తారుమారయ్యాయి. వాతావరణ మార్పు నిజమని గట్టిగా నమ్మే మా అమ్మాయి “తెచ్చి వదలడం తప్పు నాన్నా, ఒకసారి మొదలుపెడితే ప్రతి దీవికీ మోసుకెళ్తూ ఉండాలి” అంది. చలి వేస్తే గ్లోబల్ వార్మింగు ఎక్కడ అని అడిగే అల్లుడు “పాడు చేసినోడే బాగు చెయ్యాల” అన్నాడు. పక్కింటి పెద్దాయనకు తోడేళ్లంటే మంట, అయినా దీవిలో ఉంటే తనకేం అభ్యంతరం లేదట, అక్కడ తన జింకలు లేవు కాబట్టి. నేను అల్లుడి వైపే. కాకపోతే 19 తోడేళ్ల సంతానం కూడా ఏదో ఒక రోజు దగ్గరి బంధువులే అవుతుంది. వంతెన ఏర్పడకపోతే పార్క్ వాళ్లు మళ్లీ హెలికాప్టర్ ఎక్కాలి. ఆ ఖర్చు ఎవరి పద్దులో రాయాలన్న దాని మీద ఆ రాత్రి భోజనాలు చల్లారిపోయేదాకా వాదించుకున్నాం.