ఇంగ్లాండులో రాచరికానికి హద్దులు: చట్టం, పన్ను, పార్లమెంటు

ఈ భాగం చదివిన తరువాత, ఇంగ్లాండు రాజు అధికారం ఏ కారణాల వల్ల, ఏ దశల్లో తగ్గుతూ వచ్చిందో మీరు వివరించగలుగుతారు. జవాబు పత్రాలు దిద్దినన్నాళ్లూ నాకు తరచుగా ఎదురైన వాక్యం ఒకటుంది: "1215లో మాగ్నాకార్టాతో ఇంగ్లాండులో ప్రజాస్వామ్యం ఏర్పడింది." ఇది సరికాదు. 1215కూ, అక్కడ సామాన్యుడికి ఓటు వచ్చిన కాలానికీ మధ్య ఆరు వందల ఏళ్లకు పైగా దూరముంది. ఆ దూరంలో ఏం జరిగిందన్నదే ఈ పాఠం.

మాగ్నాకార్టా

జాన్ రాజు 1204లో నార్మండీని పోగొట్టుకొన్నాడు. దానిని తిరిగి గెలుచుకోవాలనే ప్రయత్నంలో బారన్లు అనే పెద్ద భూస్వాముల నుంచి భారీగా డబ్బు రాబట్టాడు. 1214లో ఆ ప్రయత్నమూ విఫలమైంది. బారన్లు తిరగబడి లండన్ నగరాన్ని ఆక్రమించారు. 1215 జూన్‌లో థేమ్స్ నది ఒడ్డున రన్నీమీడ్ మైదానంలో రాజు వారి షరతులకు ఒప్పుకొన్నాడు. పత్రం మీద సంతకం చేశాడని మీరు కూడా రాయవచ్చు. నిజానికి వేసింది ముద్ర.

దేశపు చట్టం ప్రకారం గాని, తోటివారి తీర్పు ప్రకారం గాని తప్ప ఏ స్వతంత్రుడినీ బంధించరాదని అందులో ఉంది. 'స్వతంత్రుడు' అనే మాటను గమనించండి. ఆనాటి పల్లెల్లో భూమికి కట్టుబడి బతికిన రైతుల్లో చాలామందికి ఆ మాట వర్తించదు. పైగా కొద్ది వారాలకే పోప్ ఈ పత్రం చెల్లదన్నాడు. జాన్ మరణించాక దానిని మార్పులతో మళ్లీ మళ్లీ జారీ చేశారు. 1225లో జారీ అయినప్పుడు బదులుగా రాజుకు పన్ను దక్కింది. హక్కుకు బదులుగా డబ్బు అనే ఈ బేరం తరువాతి శతాబ్దాలలో పదే పదే కనిపిస్తుంది. 1265లో, 1295లో కౌంటీల నుంచి, పట్టణాల నుంచి ప్రతినిధులను పిలిపించారు. రాజులకు పార్లమెంటు అవసరమైంది ముఖ్యంగా డబ్బు కోసమే. వచ్చినవారు ముందు తమ ఫిర్యాదులు వినమని అడగడం నేర్చుకొన్నారు.

ఓడల పన్ను కేసు

మొదటి చార్లెస్ 1629 నుంచి 1640 దాకా పార్లమెంటును పిలవకుండానే పాలించాడు. అయితే ఖజానా నిండేదెలా? యుద్ధ సమయంలో రేవు పట్టణాలు ఓడలు సమకూర్చాలనే పాత ఆచారాన్ని బయటికి తీశాడు. 1635లో సముద్రం ముఖం చూడని లోపలి జిల్లాలకు కూడా దానిని పన్నుగా విస్తరించాడు. బకింగ్‌హామ్‌షైర్‌కు చెందిన జాన్ హాంప్‌డెన్ తన వంతు 20 షిల్లింగులు కట్టనన్నాడు. ఆయనకు అది పెద్ద సొమ్మేమీ కాదు. పార్లమెంటు అంగీకారం లేని పన్ను చెల్లుతుందా అన్నదే తగాదా.

12 మంది న్యాయమూర్తులు విచారించారు. 1638లో ఏడుగురు రాజు పక్షాన, ఐదుగురు హాంప్‌డెన్ పక్షాన నిలిచారు. ఆనాటి న్యాయమూర్తుల పదవి రాజు ఇష్టం మీద ఆధారపడి ఉండేదని గుర్తుంచుకోండి. రాజు కూడా చట్టానికి లోబడినవాడేనన్న ఎడ్వర్డ్ కోక్ 1616లో ప్రధాన న్యాయమూర్తి పదవిని పోగొట్టుకొన్నాడు. అది తెలిసి కూడా ఐదుగురు ఎదురు నిలవడం నా దృష్టిలో చిన్న విషయం కాదు. కేసు గెలిచిన రాజుకు పన్ను వసూలు కావడం మాత్రం కష్టమైంది. 1640లో స్కాట్లండుతో యుద్ధ ఖర్చుకు పార్లమెంటును పిలవక తప్పలేదు. అది మరుసటి ఏడే ఓడల పన్నును చట్టవిరుద్ధమని ప్రకటించింది.

తరువాత అంతర్యుద్ధం, 1649లో చార్లెస్ శిరచ్ఛేదం, క్రామ్‌వెల్ సైనిక పాలన. రాజును తొలగించినంత మాత్రాన అధికారానికి హద్దు ఏర్పడలేదు. క్రామ్‌వెల్ కూడా పార్లమెంటును బలవంతంగా రద్దు చేశాడు. 1660లో రాచరికం తిరిగి వచ్చింది.

1689, 1701 చట్టాలు

1688లో రెండవ జేమ్స్ దేశం విడిచి పారిపోయాడు. 1689 హక్కుల చట్టం ప్రకారం పార్లమెంటు అంగీకారం లేనిదే రాజు చట్టాలను నిలిపివేయరాదు, పన్ను వేయరాదు, శాంతికాలంలో సైన్యాన్ని పోషించరాదు. సైనిక క్రమశిక్షణ చట్టానికి కొద్దికాలపు గడువే పెట్టి, మళ్లీ మళ్లీ పొడిగించే పద్ధతి వచ్చింది. దీంతో పార్లమెంటును ఏళ్ల తరబడి పిలవకుండా ఉండడం రాజుకు అసాధ్యమైంది.

1701 వారసత్వ చట్టం హాంప్‌డెన్ కేసు నాటి లోపాన్ని సరిదిద్దింది. సత్ప్రవర్తన ఉన్నంతకాలం న్యాయమూర్తి పదవిలో ఉంటాడు. ఉభయసభలూ కోరితేనే తొలగించవచ్చు. మన రాజ్యాంగం 124వ అధికరణంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల తొలగింపు పద్ధతిని చదివితే ఈ పోలిక మీకే తెలుస్తుంది. చట్టం అనుమతి లేనిదే పన్ను వేయరాదనే 265వ అధికరణాన్ని కూడా దానితోపాటే చదవండి.

పార్లమెంటు ఆమోదించిన బిల్లును రాజపీఠం తిరస్కరించడం 1708 తరువాత జరగలేదు. అయితే ఆ పార్లమెంటు చాలాకాలం ఆస్తిపరులదే. 1832 సంస్కరణతో ఓటు కొంత విస్తరించింది. స్త్రీలకు పురుషులతో సమానంగా ఓటు దక్కింది 1928లోనే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 1638 తీర్పులో గెలిచింది రాజు. అయినా ఆ కేసు రాచరికాన్ని బలహీనపరచిందని చెప్పవచ్చా? కారణాలతో 15 వాక్యాలలో రాయండి.