మీకు తెలుసా? పోర్టు నంబరులో దాగిన పేరు

పెద్ద భవనాల్లో ఏసీలు, ఫ్యాన్లు, పంపులను నడిపే కంట్రోలర్ల ఉమ్మడి భాషల్లో ఒకటి బ్యాక్‌నెట్. అమెరికాలోని ఆష్రే సంస్థ దీన్ని 1995లో ప్రమాణంగా వెలువరించింది. ఐపీ నెట్‌వర్క్‌లో దీని పోర్టు 47808. హెక్సాడెసిమల్‌లో రాస్తే బీ-ఏ-సీ-సున్నా; ఇంజనీర్ల చిలిపితనం!

బ్యాక్‌నెట్‌లో ఒకే జత తీగలపై వరసగా కలిపే ఎంఎస్/టీపీ పద్ధతిలో, వంతు తీసుకునే (మాస్టర్) కంట్రోలర్లకు 0 నుంచి 127 వరకు చిరునామా ఇస్తారు. మాట్లాడే వంతు టోకెన్‌గా ఒకదాని నుంచి మరొకదానికి అందుతుంది. రెండింటికి ఒకే నంబరు పడితే వరస మొత్తం తడబడుతుంది. అసలు తిప్పలు, వంతు ఇచ్చేందుకు ఏ నంబరు వరకు వెతకాలో చెప్పే ‘మ్యాక్స్ మాస్టర్’ సెట్టింగుతోనే. మిగతావాటన్నిటిలో దాన్ని 30కి కుదిస్తే, తీగలన్నీ సరిగ్గా ఉన్నా 31వ నంబరు కంట్రోలర్‌కు వంతే రాదు.

చిరునామా కాక, నెట్‌వర్క్ మొత్తంలో మరొకదానికి లేని గుర్తింపు సంఖ్యా ప్రతి పరికరానికీ ఉండాలి. దాని గరిష్ఠ పరిమితి 41,94,302.