ఇరవై ఒక్క ఏళ్ల సెకండ్ లెఫ్టినెంట్

పేపర్లో "వీరమరణం" అనే మాట తరచుగా చదువుతుంటాం. మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది కన్నడం. రెండు భాషల్లోనూ ఆ మాట ఒకటే. కానీ అసలేం జరిగిందో ఆ మాట చెప్పదు. అందుకే ఒక్కరి సంగతి తీసుకుని వివరంగా రాస్తున్నాను.

అరుణ్ ఖేతర్‌పాల్ 1950 అక్టోబరు 14న పుణెలో పుట్టాడు. 1971 జూన్‌లో పూనా హార్స్ అనే ట్యాంకు దళంలో సెకండ్ లెఫ్టినెంట్‌గా చేరాడు. అప్పట్లో సైన్యంలో అధికారి హోదాల్లో అన్నిటికన్నా కింది మెట్టు అదే. మెట్టు చిన్నదైనా పని చిన్నది కాదు. పైఅధికారి మ్యాపు చూసి ఆజ్ఞ ఇస్తాడు. జూనియర్ అధికారి ఆ ఆజ్ఞ పట్టుకుని జవాన్లతో పాటు ముందుకు పోవాలి. సెంచూరియన్ ట్యాంకులో నలుగురుంటారు: కమాండరు, డ్రైవరు, ఫిరంగి పేల్చేవాడు, గుండ్లు నింపుతూ రేడియో చూసేవాడు. తగిలితే నలుగురికీ తగిలినట్టే.

ఆ డిసెంబరులో షకర్‌గఢ్ ప్రాంతంలో మన సైన్యం బసంతర్ నది దాటింది. అక్కడంతా మందుపాతరలు. 16వ తేదీన జర్‌పాల్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకులు ఎదురుదాడికి వచ్చాయి. సాయం కావాలని రేడియోలో పిలుపు రాగానే అరుణ్ వెళ్లాడు. ఆ పోరులో 10 శత్రు ట్యాంకులు ధ్వంసమయ్యాయని, వాటిలో 4 అతనొక్కడే కొట్టాడని పరమవీరచక్ర ప్రశంసాపత్రంలో ఉంది. చివరికి అతని ట్యాంకుకీ నిప్పంటుకుంది. దిగిపొమ్మని ఆజ్ఞ వచ్చింది. ఫిరంగి ఇంకా పనిచేస్తోంది, దిగను అన్నాడు. ఇంకో గుండు తగిలి చనిపోయాడు. మర్నాడే యుద్ధం ఆగిపోయింది.

ఆజ్ఞ మీరడం తప్పు కాదా అని మీరు అడగొచ్చు. అతను వెనక్కి తగ్గితే ఆ సందులోంచి శత్రు ట్యాంకులు లోపలికి వచ్చేసేవి. కాబట్టి ఆగాడు. కానీ అదే ట్యాంకులో మరో జవాను కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు. అతని గురించి మనలో ఎంతమందికి తెలుసు? ఈ రెండూ కలిపి చూస్తేనే అధికారి నిర్ణయం ఎంత బరువైనదో నాకు అర్థమైంది.

2001లో అరుణ్ తండ్రి, రిటైర్డ్ బ్రిగేడియర్ ఎం.ఎల్. ఖేతర్‌పాల్, దేశవిభజనకు ముందు తాము బతికిన సర్గోధా చూడడానికి పాకిస్తాన్ వెళ్లారు. ఆయనకు తన ఇంట్లో ఆతిథ్యం ఇచ్చింది బ్రిగేడియర్ నాసర్. మీ అబ్బాయి నా చేతిలోనే చనిపోయాడని ఆయనే స్వయంగా ఆ తండ్రికి చెప్పారు. అప్పటికి ముప్పై ఏళ్లు గడిచాయి. గెలిచిన సైన్యం వైపు తండ్రి కొడుకు లేకుండా ఉన్నాడు, ఓడిన సైన్యం వైపు మనిషి ఆ మాట మోస్తూ ఉన్నాడు. వీరమరణం అనే మాటలో ఈ ఇద్దరికీ చోటు ఉండాలని నాకనిపిస్తుంది.