విజేత లేని ఏడు పందాలు

పిల్లలూ! మీలో చాలామందికి సైకిలు తొక్కటం వచ్చు గదా. ఎదురుగాలిలో నాలుగు కిలోమీటర్లు తొక్కితేనే పిక్కలు పీకుతాయి, రొప్పు వస్తుంది. అటువంటిది, రోజుకు నూట యాభై, రెండు వందల కిలోమీటర్ల చొప్పున మూడు వారాలపాటు తొక్కే పందెం ఒకటి ఉన్నది. అదే ఫ్రాన్సు దేశంలో జరిగే 'టూర్ ద ఫ్రాన్స్'. ఇది 1903లో మొదలైంది. మొత్తం దూరం సుమారు 3,400 కిలోమీటర్లు. దారిలో ఆల్ప్స్, పిరనీస్ పర్వతాలు ఎక్కి దిగాలి. ఏ రోజుకారోజు లెక్క చూసి, మొత్తంమీద తక్కువ కాలం తీసుకొన్నవాడికి పసుపుపచ్చ చొక్కా తొడుగుతారు. చివరి రోజున ఆ చొక్కా ఎవరి ఒంటిమీద ఉంటే వాడే విజేత.

ఈ పందెం విజేతల పట్టికలో ఒక వింత ఉన్నది. 1999 నుంచి 2005 దాకా ఏడు సంవత్సరాల ఎదుట ఎవరి పేరూ లేదు. పందాలు జరగకపోలేదు. జనం దారి పొడుగునా నిలబడి చూశారు. ఏడుసార్లూ ఒకడే అందరికన్న ముందు వచ్చాడు. అయినా పేరు లేదు! ఎందువల్లనో చెబుతాను.

ముందుగా మన ఒంట్లో సంగతి కొంచెం తెలుసుకోవాలి. కండరాలు పని చేయాలంటే ప్రాణవాయువు కావాలి. దాన్ని ఊపిరితిత్తుల నుంచి మోసుకుపోయే కూలీలు రక్తంలోని ఎర్రకణాలు. ఈ కణాలు ఎముకల లోపలి మూలుగలో తయారవుతాయి. రక్తంలో ప్రాణవాయువు తగ్గినప్పుడు మన మూత్రపిండాలు 'ఎరిత్రోపాయిటిన్' అనే పదార్థాన్ని ఎక్కువగా పంపుతాయి. దాన్నే పొట్టిగా 'ఇ.పి.ఓ.' అంటారు. ఆ కబురు అందగానే మూలుగ మరిన్ని కూలీలను తయారు చేస్తుంది.

మూత్రపిండాలు చెడిపోయినవారిలో ఈ కబురు సరిగా అందదు. రక్తం తగ్గి మనిషి నీరసిస్తాడు. అటువంటి రోగులకోసం 1980ల్లో ఇ.పి.ఓ.ను మందుగా తయారు చేశారు. అది మంచి మందే. కాని కొందరు సైకిలు వీరులు ఏ జబ్బూ లేకుండానే దాన్ని సూదితో ఎక్కించుకోసాగారు. ఎర్రకణాలు పెరిగితే అలుపు ఆలస్యంగా వస్తుంది. అయితే రక్తం చిక్కబడుతుంది. చిక్కటి రక్తాన్ని తోయటం గుండెకు కష్టం. ఎక్కడన్నా గడ్డ కట్టి అడ్డుపడితే ప్రాణమే పోవచ్చు. ఆటల్లో ఇట్లా దొంగమందులు వాడటాన్ని 'డోపింగ్' అంటారు.

ఇది కొత్త తెగులు కాదు. 1967 జూలై 13న టామ్ సింప్సన్ అనే ఇంగ్లీషు ఆటగాడు మండుటెండలో మోఁ వాంటూ అనే కొండ ఎక్కుతూ కూలిపోయి మరణించాడు. అతను 1965లో ప్రపంచ విజేత. వయస్సు 29 ఏళ్ళే. అతని చొక్కా జేబులో ఉత్తేజం కలిగించే మాత్రలు దొరికాయి. అలసట మన ఒంటికి కాపలావాడు. "ఇక చాలు, ఆగు!" అని కేక వేస్తాడు. ఆ మాత్రలు కాపలావాడి నోరు మూసేస్తాయి.

1998లో పందెం మరి మూడు రోజులకు మొదలవుతుందనగా ఫెస్టీనా అనే జట్టు ఉద్యోగి కారును బెల్జియం సరిహద్దు దగ్గర సోదా చేశారు. కారు నిండా మందులే! ఆ జట్టును పందెంలోంచి వెళ్ళగొట్టారు. పోలీసు సోదాలతో కొన్ని జట్లు తామే తప్పుకొన్నాయి. బయలుదేరినవారు 189 మంది అయితే, చివరిదాకా వచ్చినవారు 96 మందే. ఆ మరుసటి ఏడు ప్రభుత్వాలూ క్రీడా సంఘాలూ కలిసి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థను స్థాపించాయి.

ఆ 1999లోనే లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమెరికావాడు గెలిచాడు. క్యాన్సర్ జబ్బునుంచి బయటపడి వచ్చినవాడని లోకమంతా మెచ్చుకొన్నది. వరసగా ఏడేళ్ళు అతనే గెలిచాడు. అనుమానించి రాసినవారిని కోర్టుకు ఈడ్చాడు. ఆ మొదటి ఏడే క్రిస్తోఫ్ బాసోఁ అనే ఫ్రెంచి యువకుడు కూడా పందెంలో ఉన్నాడు. ఫెస్టీనా జట్టులో ఉండి కూడా దొంగమందు ముట్టనివాడు అతను. ఈ వేగం నమ్మశక్యంగా లేదని పత్రికలో రాశాడు. తోటివారు అతన్ని వెలివేసినట్టు చూశారు. ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కకు వచ్చి, ఇంటికి పోవటం మంచిదన్నాడు. బాసోఁ మనసు విరిగి పందెం మధ్యలోనే వెళ్ళిపోయాడు.

నిజం బయటపడటానికి పదమూడేళ్ళు పట్టింది. 2012లో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ 26 మంది సాక్ష్యాలు సేకరించి, ఆర్మ్‌స్ట్రాంగ్ దొంగమందులు వాడాడని తేల్చింది. ఏడు విజయాలూ రద్దయినవి. 2013 జనవరిలో అతను టెలివిజన్‌లో తప్పు ఒప్పుకొన్నాడు. అతని జట్టుకు డబ్బు పెట్టినది అమెరికా తపాలా శాఖ గనుక, 2018లో ఆ ప్రభుత్వానికి 50 లక్షల డాలర్లు కట్టటానికి ఒప్పుకోవలసి వచ్చింది.

"మరి రెండోవాడికి బహుమతి ఇవ్వవచ్చు గదా?" అని మీరు అడుగుతారు. ఆ ఏడేళ్ళలో మొదటి మూడు స్థానాలు మొత్తం 21. అందులో 20 స్థానాల్లో నిలిచినవారికి డోపింగుతో సంబంధం ఉన్నట్టు ఆ సంస్థే చెప్పింది. అందుచేత సైకిలు సమాఖ్య ఏడు గడులూ ఖాళీగా వదిలేసింది.

నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు ఒకసారి పరీక్ష ప్రశ్నలు ముందే కొందరికి తెలిసిపోయినవి. ఎవరెవరికి తెలిసిందో తేలలేదు. మార్కులన్నీ కొట్టేసి మళ్ళీ పరీక్ష పెట్టాను. మొదట మంచి మార్కులు తెచ్చుకొన్న ఒక కుర్రవాడు నా గదికి వచ్చి, "నేను చదివే రాశాను గదండీ, మాస్టారూ!" అన్నాడు. వాడు చదివే రాశాడని నాకు తెలుసు. రుజువు మాత్రం నా దగ్గర లేదు. వాడికి జవాబు చెప్పలేకపోయాను.

ఆ ఖాళీ గడుల సంగతి చదివినప్పుడల్లా నాకు వాడి ముఖం కనిపిస్తుంది. ఆ ఏడేళ్ళలో ఏ ముప్పయ్యో స్థానంలోనో వచ్చిన నిజాయితీపరుడు ఉండే ఉంటాడు. అతను పసుపుపచ్చ చొక్కా తొడుక్కోవలసినవాడేమో! మోసగాడి పేరు కొట్టివేయవచ్చు గాని, నిజమైన విజేత ఎవరో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

2008 నుంచి ప్రతి ఆటగాడి రక్తాన్నీ పదేపదే పరీక్షించి, లెక్కలు ఒక ఖాతాలో వేస్తున్నారు. ఎర్రకణాల లెక్క అసహజంగా మారితే పట్టుబడతారు. అయినా ఈనాటికీ ఎవరన్నా బాగా వేగంగా కొండ ఎక్కితే, చూసేవారు చప్పట్లు కొడుతూనే, "నిజమేనా?" అనుకొంటారు. పాత మోసం కొత్త ఆటగాడి మెడకు చుట్టుకొన్నది.

పెద్దలకు కూడా ఒక మాట. పిల్లలు ఇంటికి రాగానే "ఎన్నో స్థానం?" అని అడగటం మనకు అలవాటు. "ఎట్లా ఆడావు?" అని కూడా అడగండి. పిల్లలూ! ఆఖరున వచ్చినా సరే, ఆ ప్రశ్నకు తల ఎత్తి జవాబు చెప్పగలిగేటట్టు ఆడండి.